నికాన్ ఎఫ్100లో నల్లబడిన నెగటివ్‌లు: ఒక కేసు పూర్తి వివరం

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నికాన్ ఎఫ్100 ఫిల్మ్ కెమెరా బాడీ (లెన్స్ లేని కెమెరా). దాంతోపాటు వచ్చినవి రెండు లెన్సులు: ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8డి, ఏఎఫ్-ఎస్ 24-85 ఎంఎం ఎఫ్/3.5-4.5జి. అంతకుముందు అది పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ చేతిలో పనిచేసిన కెమెరా. కొన్నాయన హైదరాబాద్‌లో రెండు రోల్స్ తీసి, డెవలప్ చేయించి, నాలుగు ఫిర్యాదులతో మా దగ్గరికి తీసుకొచ్చారు. రెండో రోల్ నెగటివ్‌లు బాగా నల్లగా వచ్చాయి, అంటే ఫిల్మ్ మీద వెలుగు ఎక్కువ పడింది. మనుషుల్ని ఫోకస్ చేస్తే ముందున్న పూలదండ షార్ప్‌గా పడుతోంది. కొత్త సెల్స్ వేసినా నాలుగు షాట్లకే బ్యాటరీ గుర్తు పడిపోతోంది. వెనక మూత చేతికి జిగురుగా అంటుకుంటోంది. ఆయన అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు: (వెలుగు కొలిచే) "మీటర్ పోయింది, బాడీ మార్చేయాలి."

బాడీలో మాత్రం ఒక్క స్క్రూ కూడా విప్పాల్సిన పని పడలేదు. ఈ తరం కెమెరాల్లో ఫిర్యాదు వినగానే సర్క్యూట్ మీద అనుమానం పోతుంది. కానీ తేడా ఎక్కువగా కెమెరా ఇంకోదానితో కలిసే చోట ఉంటుంది. అంటే సెల్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య, లెన్స్‌కీ మౌంట్‌కీ మధ్య, ఫిల్మ్ కాసెట్‌కీ దాని మీది కోడ్ చదివే పిన్నులకీ మధ్య, పాత యజమాని పెట్టిన సెట్టింగ్‌కీ కొత్త యజమాని చేతి అలవాటుకీ మధ్య. వాటిని ఒక్కొక్కటిగా పక్కకు తీస్తూ పోవడమే ఇక్కడ జరిగిన పని.

ముందుగా ఈ బాడీ సంగతి. ఎఫ్100 మార్కెట్లోకి వచ్చింది 1999లో. నికాన్ పెద్ద కెమెరా ఎఫ్5లో ఉన్న ఫోకస్ పద్ధతిలో చాలాభాగం ఇందులో ఉంది, బరువు మాత్రం సెల్స్ లేకుండా 785 గ్రాములే. షట్టర్ 30 సెకన్ల నుంచి 1/8000 దాకా, ఫ్లాష్ సింక్ 1/250, ఐదు ఫోకస్ పాయింట్లు, సెకనుకు 4.5 ఫ్రేములు. ఎంబీ-15 గ్రిప్ తగిలిస్తే 5. వ్యూఫైండర్‌లో కనిపించేది ఫ్రేములో 96 శాతం, కాబట్టి అంచున కనబడని కొమ్మ ఒకటి నెగటివ్‌లో కనబడితే అది కెమెరా తప్పు కాదు.

సెల్స్

ఎంఎస్-12 హోల్డర్‌లో నాలుగు ఏఏ సెల్స్ పడతాయి. ఈ కేసులో వేసినవి గోడగడియారానికి వేసే జింక్-కార్బన్ రకం. మల్టీమీటర్ పెడితే ఒక్కోటీ దాదాపు 1.5 వోల్టులు చూపించింది, అందుకే ఆయనకు అవి మంచి సెల్స్ అనిపించాయి. ఖాళీగా కొలిచిన వోల్టేజి ఇక్కడ పనికిరాదు. 50 ఎంఎం డి లెన్స్‌లో మోటార్ ఉండదు, బాడీలోని మోటారే మౌంట్ దగ్గర స్క్రూ తిప్పి దాన్ని ఫోకస్ చేస్తుంది. ఆ వెంటనే షట్టర్, అద్దం, ఫిల్మ్ లాగే మోటార్ వరుసగా కరెంటు గుంజుతాయి. జింక్-కార్బన్ సెల్‌కి లోపలి నిరోధం ఎక్కువ కాబట్టి లోడ్ పడగానే వోల్టేజి జారిపోతుంది. కెమెరా దాన్ని సెల్ అయిపోయినట్టే లెక్కేస్తుంది.

దీనికి తోడు హోల్డర్ స్ప్రింగుల్లో రెండింటి మీద తెల్లటి పొర ఉంది. ఎప్పుడో ఆల్కలైన్ సెల్ కారిన గుర్తు అది. ఇయర్‌బడ్ కొనకు కొద్దిగా వెనిగర్ అద్ది, పొర కరిగేదాకా రుద్ది, ఆనక 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అరగంట ఆరనివ్వాలి. నిమ్మరసంతోనూ పని జరుగుతుంది, కానీ తర్వాత ఆల్కహాల్‌తో తుడవకపోతే ఆ తడే మళ్లీ తుప్పుకు దారి. ఇసుక కాగితం జోలికి పోవద్దు, పైన ఉన్న పూత పోతే లోహం ఇంకా త్వరగా చెడుతుంది. హోల్డర్‌ని బయటికి తీసి చేస్తే బాడీలోకి చుక్క కూడా దిగదు.

మంచి ఆల్కలైన్ సెల్స్ వేయగానే ఈ ఫిర్యాదు తీరిపోయింది. నిజానికి ఈ బాడీకి లిథియం ఏఏ సెల్స్ అన్నిటికన్నా నయం: బరువు తక్కువ, కారే భయం తక్కువ, చలికి తట్టుకుంటాయి. రీచార్జబుల్ 1.2 వోల్టు సెల్స్‌తోనూ కెమెరా నడుస్తుంది, కాకపోతే గుర్తు తొందరగా సగానికి పడుతుంది, ఆ తర్వాత ఎంతసేపు నడుస్తుందో గుర్తు చూసి చెప్పలేం. నెల రోజులు వాడనప్పుడు ఏ రకమైనా బయటికి తీసేయాల్సిందే.

ఫోకస్

పూలదండ ఫిర్యాదులో మరమ్మతు చేయాల్సింది ఏమీ లేదు. వెనక ఉన్న స్విచ్ డైనమిక్ ఏరియాలో ఉంది, ముందున్న సెలెక్టర్ ఎస్ (ఒక్కసారి ఫోకస్ చేసి ఆగే మోడ్) మీద ఉంది. ఎఫ్100లో ఈ రెండూ కలిస్తే, కస్టమ్ సెట్టింగ్ మార్చనంతవరకూ, ఐదు పాయింట్లలో దేని కింద అన్నిటికన్నా దగ్గరి వస్తువు ఉందో దాన్నే కెమెరా పట్టుకుంటుంది. పెళ్లి వేదిక మీద దంపతుల ముందు దండ గానీ, దీపపు సెమ్మె గానీ ఉంటే అదే దగ్గరి వస్తువు. కెమెరా చెప్పిన పని చెప్పినట్టే చేసింది. సింగిల్ ఏరియాకి మార్చి, మధ్య పాయింట్ పెట్టి, షట్టర్ సగం నొక్కి ఫోకస్ లాక్ చేశాక ఫ్రేము సర్దుకుంటే ఆ సమస్య ఉండదు.

ఇంకో విషయం కూడా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఎస్‌లో ఫోకస్ కుదిరితేనే షట్టర్ పడుతుంది. సి (వదలకుండా ఫోకస్ చేస్తూ ఉండే మోడ్)లో ఫోకస్ కుదరకపోయినా పడుతుంది. "ఒక్కోసారి షట్టరే పడటం లేదు" అనేవారూ, "పడింది కానీ బ్లర్" అనేవారూ చాలాసార్లు చెబుతున్నది ఈ తేడా గురించే.

అలాగే ఐదు పాయింట్లూ ఒకటి కావు. మధ్యది, ఎడమది, కుడిది క్రాస్ రకం: అడ్డ గీతల్నీ నిలువు గీతల్నీ రెండింటినీ చూస్తాయి. పైదీ కిందిదీ ఒక దిశలోనే చూస్తాయి. ఆ రెండూ ఒక గీత మీద తడబడుతుంటే కెమెరాని కొంచెం వాల్చి ఫోకస్ చేసి చూడండి, పట్టేస్తే సెన్సర్ బాగున్నట్టే.

నిజంగా ఫోకస్ తప్పుతోందా అన్నది తేల్చడానికి పొడవైన స్కేలుని 45 డిగ్రీల వాలుగా పెట్టి, ట్రైపాడ్ మీద నుంచి, లెన్స్ పూర్తిగా తెరిచి, ఒక్కో లెన్స్‌తో మూడేసి ఫ్రేములు తీశాం. ప్రతి ఫ్రేముకీ ముందు లెన్స్‌ని అనంతానికి తిప్పి మళ్లీ ఫోకస్ చేయించాం. రెండు లెన్సులూ ఒకే వైపు తప్పితే అద్దం కోణమో, ఫోకస్ మాడ్యూలో అనుమానించాలి. ఒక్కటే తప్పితే ఆ లెన్స్‌ని. ఇక్కడ రెండూ సరిగ్గానే ఉన్నాయి.

పాత యజమాని సెట్టింగులు అలాగే ఉండిపోవడం ఇలాంటి బాడీల్లో మామూలే. పచ్చ చుక్క ఉన్న రెండు బటన్లు కలిపి రెండు సెకన్లకు పైగా నొక్కితే షూటింగ్ సెట్టింగులు మొదటికి వస్తాయి. అయితే కస్టమ్ సెట్టింగులు 22 ఉన్నాయి, వాటిని విడిగా ఒక్కొక్కటీ చూసుకోవాలి. విసుగే, కానీ పది నిమిషాల పని.

నల్లటి నెగటివ్‌లు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. రెండు వేర్వేరు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, అందుకే మీటర్ పోయిందన్న అనుమానం అంత బలంగా కనిపించింది.

మొదటి రోల్ మామూలు 200 ఐఎస్ఓ (ఫిల్మ్ వెలుగుని పట్టే వేగం) కలర్ నెగటివ్. దాని స్కాన్లు చూసి ఆయన సంతోషంగానే ఉన్నారు. నెగటివ్‌లనే లైట్ మీద పెట్టి చూస్తే కొన్ని ఫ్రేములు పక్కవాటికన్నా స్పష్టంగా దట్టంగా ఉన్నాయి. అంటే తప్పు మొదటి రోల్‌లోనే ఉంది. ల్యాబ్ స్కానర్ ప్రతి ఫ్రేముకీ తనే వెలుగు సర్దేస్తుంది, కలర్ నెగటివ్ కూడా ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) ఎక్కువ వెలుగుని చెక్కుచెదరకుండా మోస్తుంది. కాబట్టి కెమెరా ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉందో లేదో స్కాన్ చూసి చెప్పడం కుదరని పని. డెవలప్ చేయించినప్పుడు నెగటివ్‌లు తప్పకుండా వెనక్కి తెచ్చుకోవాలి. స్కాన్లు మెయిల్ చేసి నెగటివ్‌లు పారేసే పద్ధతికి ఒప్పుకోవద్దు.

రెండో రోల్ సినిమా ఫిల్మ్. కొడాక్ విజన్3 250డి (250 ఐఎస్ఓ) పెద్ద రోల్ నుంచి కోసి, వాడేసిన పాత కాసెట్‌లో చుట్టినది. ఆ కాసెట్ ఒకప్పుడు 100 ఐఎస్ఓ ఫిల్మ్‌ది, దాని మీద డీఎక్స్ కోడ్ (ఫిల్మ్ ఐఎస్ఓని కెమెరాకి చెప్పే గుర్తు) అలాగే ఉంది. కెమెరా డీఎక్స్ మోడ్‌లో ఉంది కాబట్టి ఫిల్మ్ 100 అనుకుంది. 250కీ 100కీ తేడా 1⅓ స్టాప్. రోల్ మొత్తం, ఏ లెన్స్‌తో తీసినా, అంత ఎక్కువ వెలుగు తిన్నది. అసలు కోడే లేని కాసెట్ వేస్తే ఎఫ్100 హెచ్చరిస్తుంది. తప్పుడు కోడ్ ఉంటే దానికి తెలిసే దారి లేదు. తిరిగి చుట్టిన రోల్ ఏదైనా సరే, ఐఎస్ఓ బటన్ నొక్కి డయల్ తిప్పి చేత్తో పెట్టుకోవాలి. ఆ పెట్టుకున్నది తర్వాతి రోల్‌కి అలాగే ఉండిపోతుంది, మామూలు ఫిల్మ్ వేసేటప్పుడు మళ్లీ డీఎక్స్‌కి మార్చడం మరవొద్దు.

(ఇదే ఫిల్మ్ గురించి ఇంకో మాట. 2025కి ముందు తయారైన రోల్స్‌లో దాని వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పొర ఉంటుంది. దాన్ని తీసే పద్ధతి ఉన్న ల్యాబ్‌కే ఇవ్వాలి. మామూలు కలర్ నెగటివ్‌లు డెవలప్ చేసే సి-41 మెషీన్‌లో పెడితే ఆ మసి రసాయనాల్లో కలిసి, అందులో ఉన్న ఇతరుల రోల్స్‌ని కూడా పాడు చేస్తుంది. ల్యాబ్‌కి చెప్పకుండా ఇవ్వడం అన్యాయం.)

ఐఎస్ఓ లెక్క రెండో రోల్‌కి సరిపోతుంది, మొదటిదానికి సరిపోదు. పైగా రెండో రోల్‌లోనూ అన్ని ఫ్రేములూ ఒకేలా లేవు: 50తో ఎండలో తీసినవి మరీ నల్లగా ఉన్నాయి. అలా రెండో అనుమానం లెన్స్ మీదికి మళ్లింది.

అంతకన్నా ముందు మీటర్ని పక్కకు పెట్టాలి. ఫిల్మ్ లేకుండా ఐఎస్ఓ చేత్తో 200 పెట్టి, నీడలో ఉన్న సాదా గోడ ఎదుట, ఎఫ్100నీ నమ్మకమైన డిజిటల్ బాడీనీ ఒకే లెన్స్‌తో పోల్చాం. మ్యాట్రిక్స్ (ఫ్రేముని భాగాలుగా కొలిచే పద్ధతి) వాడలేదు, ఎందుకంటే తరాన్ని బట్టి మ్యాట్రిక్స్ లెక్కలు మారతాయి. మధ్యభాగానికి ఎక్కువ విలువిచ్చే సెంటర్-వెయిటెడ్‌లో చూస్తే తేడా మూడోవంతు స్టాప్ లోపే. మీటర్ బాగుంది.

మిగిలినవి షట్టర్, లెన్స్ బ్లేడ్లు (వెలుగు వచ్చే రంధ్రాన్ని, అంటే అపర్చర్‌ని, చిన్నది చేసే రేకులు). వీటిని విడదీయడానికి ఒకే ఎక్స్‌పోజర్‌ని నాలుగు జోడీల్లో తీయడం మంచి పద్ధతి. ఎండ పడిన గోడ, 200 ఐఎస్ఓ ఫిల్మ్, మాన్యువల్ మోడ్ (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది, అందుకే షట్టర్ సమయం పెరగాలి):

ఎఫ్/5.6, 1/2000
ఎఫ్/8, 1/1000
ఎఫ్/11, 1/500
ఎఫ్/16, 1/250

నాలుగు ఫ్రేములూ ఒకేలా దట్టంగా రావాలి. తేడా వస్తే అది షట్టర్ వల్లా, బ్లేడ్ల వల్లా అన్నది ఒక్క లెన్స్‌తో తేలదు, ఎందుకంటే రెండూ ఒకేసారి మారుతున్నాయి. అందుకే ఇదే వరుస రెండో లెన్స్‌తోనూ తీయాలి. రెండింట్లోనూ ఒకేలా తేడా వస్తే షట్టర్, ఒక్కదానిలోనే వస్తే ఆ లెన్స్. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఒక నిమిషం ఆగాలి, కారణం కింద ఉంది. డెవలప్ అయ్యాక నెగటివ్‌ని తెల్లటి స్క్రీన్ మీద పెట్టి, డిజిటల్ కెమెరాని మాన్యువల్‌లో ఒకే ఎక్స్‌పోజర్ మీద ఉంచి ఫొటో తీసి పోల్చాలి. ఈ పరీక్షకి ల్యాబ్ స్కాన్ అక్కరకు రాదు.

24-85తో తీసిన నాలుగూ సమానంగా వచ్చాయి. షట్టర్ మీద అనుమానం అక్కడితో పోయింది. 50తో ఎఫ్/5.6 దాదాపు సరిగ్గా ఉంది, ఎఫ్/8 కొంచెం ఎక్కువ, ఎఫ్/11 ఇంకొంచెం, ఎఫ్/16 స్టాప్‌కి పైనే ఎక్కువ.

లెన్స్ తీసి, వెనక ఉన్న చిన్న లివర్ని వేలితో కదిపి వదిలితే కారణం కంటికే కనబడింది. అపర్చర్ రింగ్ 22 మీద ఉన్నప్పుడు లివర్ వదలగానే బ్లేడ్లు టప్పున మూసుకోవాలి. ఇవి బద్ధకంగా జారుతూ మూసుకున్నాయి. టార్చి పక్కగా వేసి చూస్తే బ్లేడ్ల అంచుల్లో నూనె మెరుపు. ఫోకస్ మరల్లో ఉండే గ్రీజు వేడికి విడిపోయి, అందులోని నూనె బ్లేడ్ల దాకా పాకింది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో బ్యాగు వదిలేస్తే ఇది తొందరగా జరుగుతుంది.

బ్లేడ్లు షాట్ తీసేదాకా పూర్తిగా తెరిచే ఉంటాయి. షట్టర్ నొక్కాక అద్దం లేచే కాస్త వ్యవధిలో అవి మూసుకోవాలి. నూనె ఉంటే అవి దారిలో ఉండగానే షట్టర్ తెరుచుకుంటుంది. ఎఫ్/5.6 దాకా వెళ్లాల్సిన దూరం తక్కువ కాబట్టి తప్పు బయటపడదు, ఎఫ్/16కి దూరం ఎక్కువ. వరసగా తీసినప్పుడు మొదటి షాట్ అన్నిటికన్నా చెడ్డగా ఉంటుంది, కదిలినకొద్దీ బ్లేడ్లు కాస్త వదులవుతాయి. నిమిషం ఆగమన్నది అందుకే. లెన్స్ పూర్తిగా తెరిచి తీసే పోర్ట్రెయిట్లలో ఈ లోపం ఎన్నేళ్లయినా కనబడదు. పాత యజమాని గమనించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు లెక్క కలిపితే సరిపోయింది. మొదటి రోల్‌లో ఎండలో 50తో తీసినవి స్టాప్‌కి పైన ఎక్కువ: ఫిల్మ్ ఓర్చుకుంది. రెండో రోల్‌లో దానికి 1⅓ స్టాప్ తోడైంది: అప్పుడు దాచలేకపోయింది.

లైటర్ పెట్రోల్ చుక్కలు బ్లేడ్ల మీద వేసి ఆడించే చిట్కా చాలామంది చెబుతారు. కొన్నాళ్లు బాగుంటుంది, ఆనక నూనె మళ్లీ వస్తుంది, పైగా కరిగిన నూనె అద్దాల లోపలి వైపు పొరలా పడుతుంది. సరైన పని అంటే లెన్స్ విప్పి, బ్లేడ్లు ఒక్కొక్కటీ నాఫ్తాతో కడిగి, పాత గ్రీజు తీసేసి కొత్తది పెట్టడం. ఈ 50 విషయంలో ఆ కూలీ మరో మంచి 50 ధరకి దగ్గరగా పోతుంది కాబట్టి లెన్స్ మార్చేయమన్నాం. ఖరీదైన లెన్స్ అయితే సలహా వేరుగా ఉండేది.

మార్చిన లెన్స్ మొదటిసారి తగిలించగానే ఎల్‌సీడీలో ఎఫ్ఈఈ అని మెరిసింది. భయపడాల్సింది ఏమీ లేదు. డి లెన్స్ అపర్చర్ రింగ్ చివరి అంకె 22 దగ్గర లాక్ చేసి ఉండాలి, అపర్చర్‌ని బాడీ మీది ముందు డయల్‌తో మారుస్తారు. రింగ్ అక్కడ లేకపోతే ఎఫ్ఈఈ వస్తుంది. లెన్స్ కాంటాక్టులు చదవలేకపోతే వచ్చేది వేరు, ఎఫ్ పక్కన రెండు గీతలు. అప్పుడు కాంటాక్టుల్ని ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి.

జిగురు మూత, రివైండ్ ఫోర్క్

మూత మీది రబ్బరు పూత వయసుకి, వేడికి, తేమకి విడిపోయి జిగురవుతుంది. పౌడర్ చల్లితే రెండు రోజుల ముచ్చట. పూత మొత్తం తీసేయడమే మార్గం. ఎఫ్100 మూత హింజ్ పిన్ను లాగితే ఊడి వస్తుంది, డేటా బ్యాక్ (ఫొటో మీద తేదీ ముద్రించే మూత) తగిలించే వీలు కోసం అలా చేశారు. విడిగా తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ తడిపి, చిన్న చిన్న భాగాలుగా రుద్దాలి. గుడ్డలు బోలెడు పాడవుతాయి. కింద నున్నటి నల్ల ప్లాస్టిక్ వస్తుంది. థిన్నర్, అసిటోన్ ముట్టుకోవద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. లోపలి ప్రెషర్ ప్లేట్‌కి గీత పడితే ప్రతి నెగటివ్ మీదా గీత పడుతుంది, కాబట్టి ఆ వైపు అట్ట అంటించి పని చేయాలి.

మూత తెరిచినప్పుడే కాసెట్ గదిలోని రివైండ్ ఫోర్క్ చూసుకోవాలి. తొలి బాడీల్లో అది ప్లాస్టిక్, తర్వాతి వాటిల్లో లోహం. ప్లాస్టిక్‌దైతే కాసెట్‌ని ఏటవాలుగా తోసి బలవంతం చేసినప్పుడు విరిగే ప్రమాదం ఉంది. అప్పుడు రోల్ అయిపోయాక వెనక్కి చుట్టుకోదు, చీకటి గదిలో తీయాల్సి వస్తుంది. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఈ బాడీలో ఉన్నది లోహపు ఫోర్క్.

షట్టర్ తెరలకి వేలు తగలకూడదు, బ్లోయర్‌తో గాలి కూడా మెల్లగానే. 1/250లో ఫ్లాష్ పెట్టి, లెన్స్ తీసి, వెనక నుంచి చూస్తూ షాట్ కొడితే ఫ్రేము మొత్తం ఒక్కసారే వెలగాలి. వెలిగింది.

ఫ్లాష్ ప్రశ్న

పోయేముందు ఆయన తన డిజిటల్ కెమెరాకి వాడే ఎస్‌బీ-700 ఫ్లాష్‌ని దీనికీ వాడొచ్చా అని అడిగారు. వెలుగుతుంది, కానీ ఫిల్మ్ టీటీఎల్ (లెన్స్ గుండా వచ్చిన వెలుగు చూసి కెమెరాయే ఫ్లాష్‌ని సర్దే పద్ధతి) అందులో లేదు, మాన్యువల్ పవర్‌తో లెక్క వేసుకోవాలి. ఎస్‌బీ-900లోనూ ఫిల్మ్ టీటీఎల్ లేదు. రాత్రి ముహూర్తాలకి టీటీఎల్ కావాలంటే ఎస్‌బీ-28 చూసుకోవచ్చు. రెండు రకాల బాడీలకీ ఒకే ఫ్లాష్ కావాలంటే ఎస్‌బీ-600 లేదా ఎస్‌బీ-800, ఇవి ఫిల్మ్ టీటీఎల్‌నీ డిజిటల్ ఐ-టీటీఎల్‌నీ రెండింటినీ చేస్తాయి. వాడినవి కొనేటప్పుడు బ్యాటరీ గది స్ప్రింగుల మీద తెల్లటి పొర ఉందేమో ఇందులోనూ చూడమన్నాం.